నాయనమ్మ జీవితం రాయబోయే అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు పేరిట పెదనాన్న ఆశీస్సులు. జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి మీ నాయనమ్మ, అంటే నాకు పిన్ని, జీవిత విశేషాలను నువ్వే రాయాలని ఇంటివాళ్లంతా తీర్మానించారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక రెండు రోజులుగా ఖాళీ కాగితం ముందు కూర్చున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంఘంలో ఇటువంటి కాగితాలు నేను చాలానే రాశాను, ఇతరులు రాసినవి దిద్దాను కూడా. అందుకే నువ్వు అడగకపోయినా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. మా అమ్మ ప్రభువు నందు నిద్రించినప్పుడు నేను నాలుగు పేజీలు రాసి, గొంతు వణకకుండా చదివానని లోలోపల గర్వపడ్డాను. ప్రార్థనాపరురాలు, ఆతిథ్యశీలి, సహనమూర్తి, సంఘానికి స్తంభం అంటూ నాకు తెలిసిన మంచి మాటలన్నీ అందులో కూర్చాను. కూడిక ముగిశాక, ఏళ్ల తరబడి మా అమ్మ పక్కనే కూర్చుని ఆరాధనలో పాల్గొన్న ఒక వృద్ధురాలు నా చెయ్యి పట్టుకుని, "బాగా చదివావు నాయనా, అయితే ఇంతకీ అది ఎవరి గురించి?" అని అడిగింది. ఆమె ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. ఆ నాలుగు పేజీల్లో పేరు మార్చితే ఏ తల్లికైనా సరిపోతాయి.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో యొప్పే పట్టణపు దొర్కా చనిపోయిన ఘట్టాన్ని మళ్లీ ఒకసారి చదువు. పేతురు మేడగదిలోకి రాగానే అక్కడి విధవరాండ్రు ఆమె గుణగణాలు వర్ణించలేదు. ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ చూపించారు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో 60 ఏళ్లకు తక్కువ కాని విధవరాండ్రను సంఘపు లెక్కలో చేర్చే సందర్భంలో కూడా పౌలు అడిగినవి చాలావరకు పనులే: పిల్లలను పెంచిందా, పరదేశులకు ఆతిథ్యమిచ్చిందా, పరిశుద్ధుల పాదాలు కడిగిందా, శ్రమల్లో ఉన్నవారికి సాయపడిందా. నువ్వు కూడా విశేషణం రాయబోయిన ప్రతిచోటా ఆగి, దానికి ఋజువుగా చూపించగల అంగీ ఏదో వెతుక్కో. అది దొరికితే విశేషణం రాయనక్కరలేదు, దొరక్కపోతే రాయకూడదు.

ఆ అంగీలు ఎక్కడుంటాయో చెబుతాను. మొదట పాస్టరుగారిని అడిగి బాప్తిస్మపు రిజిస్టరు, వివాహాల రిజిస్టరు చూడు. వివాహాల రిజిస్టరులో వధూవరుల వయసు, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు ఉంటాయి. ఆ సాక్షుల్లో ఎవరైనా బతికి ఉంటే వెంటనే వెళ్లి కలుసుకో. పుట్టిన సంవత్సరం రిజిస్టరులో ఒకటి, గుర్తింపు కార్డులో మరొకటి ఉంటే కంగారుపడకు. ఆ తరంవారికి అది మామూలే. నీకు నచ్చినది ఎంచుకోకుండా, ఫలానా రిజిస్టరు ప్రకారం అని రాయి.

తరువాత మీ నాయనమ్మ బైబిలు తెరువు. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య ఉన్న తెల్ల కాగితం మీద మీ నాన్న, అత్తయ్యల పుట్టుకల తేదీలతో పాటు, మీలో ఎవరూ ఎన్నడూ మాట్లాడని ఒక పసిపాప పేరు, రెండే తేదీలు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య పదకొండు రోజులు. కీర్తనల పేజీల అంచులు ఆమె బొటనవేలి చెమటకు నల్లబడ్డాయి. వెనుక అట్టలో దోపిన చిన్న నోటు పుస్తకంలో ప్రార్థన కోరినవారి పేర్లు వరుసగా ఉంటాయి. ప్రార్థన నెరవేరినప్పుడల్లా పేరు పక్కన తేదీ వేసేది పిన్ని. తేదీ లేని పేర్లే ఎక్కువ. వాటిని దాచిపెట్టకు. అన్నేళ్లపాటు సమాధానం రాని పేర్ల కోసం రోజూ మోకరించిన మనిషి విశ్వాసం గురించి నువ్వు వేరే వాక్యం రాయవలసిన పని లేదు.

మనుషుల దగ్గరకు వెళ్లినప్పుడు కొడుకులను చివర అడుగు. కొడుకులకు తల్లి వంటే గుర్తుంటుంది. కోడళ్లకు మాత్రం, అన్నదమ్ములు మాటలు మానుకున్న ఏడాది ఆమె ఎవరి ఇంట్లో ఎన్ని రోజులు కూర్చుని, ఎవరికి ఏమి చెప్పి కలిపిందో తెలుస్తుంది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగవద్దు. పెద్ద గొంతున్నవారి జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది.

సంఘం మినిట్సు పుస్తకాల్లో మాత్రం ఆమె పేరు పెద్దగా కనబడదు, ఎందుకంటే మన సంఘంలో ఆమెను పిలిచే "సంఘ తల్లి" అన్నది జనం నోట పుట్టిన మాటే తప్ప పదవి కాదు. కొన్నిచోట్ల అది పదవే. అమెరికా నల్లజాతివారి సంఘాల్లో చర్చి మదర్‌కు గౌరవ స్థానం ఉంటుంది. 1860లో బానిసత్వంలో పుట్టిన లిజ్జీ రాబిన్సన్ 1911లో చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే సంఘంలో స్త్రీల పరిచర్య మొత్తానికీ నాయకురాలైంది. మన దగ్గర అటువంటి పదవి లేదు కాబట్టి, కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరుగారి భార్యా మొదటి వారంలోనే పిన్ని దగ్గరకు ఎందుకు వెళ్లేదో నువ్వే రాయాలి.

ఇక మీ నాన్నకు నచ్చని మాట ఒకటి. పిన్ని నోరు కటువు. స్త్రీల సమాజంలో ఒకామెతో ఆమె చాలా కాలం మాట్లాడలేదు, ఆ తప్పులో సగానికి పైగా పిన్నిదే. తల్లి మోనికా 387లో మరణించాక ఆమె గురించి రాసిన ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్, చిన్నతనంలో ఆమె పీపాలోంచి ద్రాక్షారసం తెచ్చేటప్పుడు దొంగచాటుగా తాగడం అలవాటు చేసుకుందనీ, పనిమనిషి తాగుబోతు అని తిడితే సిగ్గుపడి మానుకుందనీ దాచకుండా రాశాడు. దానివల్ల మోనికాకు తక్కువేమీ కాలేదు. నువ్వు ఆ కలహం వివరాలు చదవనక్కరలేదు, అవతలి కుటుంబం కూడా ఆ కూడికలో కూర్చుంటుంది కదా. ఒక క్రిస్మసుకు ముందురోజు అవతలి స్త్రీ గుమ్మం ముందు నిలబడి పిన్ని క్షమాపణ అడిగిందని మాత్రం చెప్పు, అదీ ముందుగా ఆ ఇంటివారి అనుమతి తీసుకుని.

పేరు విషయంలో జాగ్రత్త. రోమీయులకు రాసిన పత్రిక చివరలో పౌలు రూఫుకు వందనాలు చెబుతూ, అతని తల్లి తనకూ తల్లేనన్నాడు గాని ఆమె పేరు రాయలేదు. తిమోతి అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు రాసినవాడు, ఈమె పేరు ఎందుకు వదిలేశాడో అని నాకు ఇప్పటికీ మనసులో చిన్న కష్టం. నువ్వు పిన్ని పూర్తి పేరును, పుట్టింటి ఇంటిపేరుతో సహా, మొదటి వాక్యంలోనే రాయి. మొత్తం రెండు పేజీలు దాటనివ్వకు. బిగ్గరగా చదివి చూసుకో. నీ గొంతు ఆగిపోయే చోటు ముందే తెలిస్తే అక్కడ పేరా విడగొట్టుకోవచ్చు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బైబిలూ నోటు పుస్తకమూ తీసుకుని మా ఇంటికి రా. పెన్సిలుతో వేసిన తేదీలు చాలా మాసిపోయాయి, పైగా పిన్ని ఒకటి అంకెనూ ఏడునూ దాదాపు ఒకేలా రాసేది. వాటిని విడదీయగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

మీ పెదనాన్న