పూలు రాలిన ఆర్కిడ్ ఏ రకమో ఎలా తెలుస్తుంది?

కానుకగా వచ్చిన ఆర్కిడ్ పూలన్నీ రాల్చేసింది, కుండీ మీద పేరు లేదు, ఏ రకమో తెలియకుండా ఎలా పెంచాలి అని అడిగారు. పూలు లేకపోయినా గుర్తుపట్టొచ్చు. నన్నడిగితే పూలను చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. తెల్లపూల మొక్కకి నీలం రంగు ఎక్కించి అమ్ముతారు, తర్వాతి కాపు తెల్లగా వస్తుంది. బతికున్న మొక్కకి అలా రంగు పట్టించడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొక్క కట్టు చూడండి. కాండం పెద్దగా కనబడకుండా అటూ ఇటూ మందపాటి ఆకులు పరుచుకుని ఉంటే ఫలెనాప్సిస్. చెరుకు గడల్లా కణుపులున్న కాడలు నిలబడి ఉంటే డెండ్రోబియం. ఉబ్బిన కాడ కొసన ఒకటో రెండో బిరుసు ఆకులుంటే కాట్లియా కావచ్చు. కుండీ కూడా లేకుండా లావాటి వేళ్లు వేలాడుతుంటే దాదాపు వాండానే.

పేరు తెలిసి కూడా నా ఫలెనాప్సిస్‌ని చంపినంత పని చేశాను. వారానికోసారి నీళ్లు పోయమని దాంతో వచ్చిన చీటీలో ఉంది, అలాగే పోశాను. ఆకులు వడిలితే నీళ్లు చాలలేదేమోనని ఇంకాస్త పోశాను. పైనున్న బెరడు ముక్కలు ఎప్పుడూ పొడిగానే ఉండేవి మరి. ఒకరోజు మా అమ్మ "వాసనొస్తోందే, ఓసారి పైకి తీసి చూడు" అంది. తీస్తే వేళ్ల నడుమ గుప్పెడు నాచు ఉండ, పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంది. నర్సరీలో చిన్న మొక్కగా ఉన్నప్పుడు చుట్టింది అలాగే ఉండిపోయింది. వేరు పట్టుకుంటే పై తొడుగు జారి చేతికొచ్చేసింది, లోపల దారం లాంటి ఈనె మిగిలింది. గట్టిగా ఉన్న వేళ్లు రెండే.

కుళ్లినవి కోసేసి, పెద్ద బెరడు ముక్కలూ బొగ్గూ వేసి పారదర్శకమైన కుండీలో పెట్టాను. నాలుగు నెలలు ఏ కదలికా లేదు. ఆ తర్వాత మొక్క మొదలు దగ్గర పచ్చటి వేరు మొన కనబడింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి చీటీలు నమ్మను, వేరు రంగునే నమ్ముతాను. వెండి రంగులోకి మారితే నీళ్లు, పచ్చగా ఉంటే ఆగడం. వేలాడే వాండాకేమో రోజూ తడి కావాలి. అన్నిటికీ ఒకే చీటీ ఎలా సరిపోతుంది? ఫలెనాప్సిస్ మొవ్వులో మాత్రం నీళ్లు నిలవనివ్వకండి.

ఇంకో మాట. వీటిని చెట్టు రసం పీల్చే బదనికలతో కలిపేస్తారు, అది అన్యాయం. ఈ రకాలు చాలావరకు కొమ్మని పట్టుకుని ఉంటాయి గానీ దాన్నుంచి ఏమీ లాక్కోవు. వాటి వేళ్లకి గాలి ఆడాలి, అందుకే తోటమట్టిలో నాటొద్దు.

మీది డెండ్రోబియం అయితే ఆకులు రాలిన గడలు ఎండాయనుకుని కోసేయకండి. తిండి దాచుకునేది వాటిలోనే, కణుపుల్లోంచి మళ్లీ పూయొచ్చు, పిలకలూ రావొచ్చు. ఫలెనాప్సిస్ అయితే ఈ వారమే పైకి తీసి నడుమ నాచు ఉందేమో చూడండి. పూల మీద ఉంటే ఆగమనేదాన్ని, ఇప్పుడైతే కుండీ మార్చడానికి ఇదే అదను.