నాన్నకి చెవి మిషన్ ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

ప్రశ్న: మా నాన్నకి 74 ఏళ్ళు, టీవీ సౌండుతో ఇల్లు అదరగొడుతున్నారు. ఆన్‌లైన్‌లో 1,500కే చెవి మిషన్ కనిపించింది, షాపులో అడిగితే వేలల్లో చెప్తున్నారు. ఏది కొనమంటారు?
– ఓ పాఠకురాలు, జనగామ

జవాబు: ఆగండమ్మా, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, గులిమి గట్టిపడినా వినపడదు, అది తీయిస్తే ఒక్కోసారి మిషనే అక్కర్లేదు. తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి ఎంత ఉందో కొలిచే టెస్ట్, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సెంటర్‌లో కూడా చేస్తారు. ఆ చవకవి చాలావరకు వట్టి యాంప్లిఫయర్లే, మనిషి మాటతో పాటు కుక్కర్ విజిలూ ఫ్యాన్ మోతా అన్నీ కలిపి పెంచేస్తాయి, పెద్దాయన విసుగొచ్చి రెండోరోజే డ్రాయర్లో పడేస్తారు (మా ఇంట్లో జరిగిందే!). డిజిటల్ దైతే టెస్ట్ రిపోర్ట్ చూసి ఆయన చెవికి తగ్గట్టు సెట్ చేస్తారు. చేతులు వణుకుతుంటే చెవిలో దూర్చే బుల్లివి వద్దు, చెవి వెనక పెట్టేది, అదీ ఛార్జింగ్‌ది తీసుకోండి. కొనేముందు కొన్ని రోజులు ట్రయల్ ఇమ్మని గట్టిగా అడగండి. మీది పేద కుటుంబమైతే 60 దాటినవాళ్ళకి కేంద్రం వయోశ్రీ పథకంలో ఉచితంగా ఇస్తుంది, ఆ పథకం కింద పెట్టే క్యాంపు మీ జిల్లాలో ఎప్పుడో కలెక్టరేట్‌లో కనుక్కోండి.