13కి 13 గెలిచినా ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు, ఇదేం న్యాయం?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి జట్లను ఒక కమిటీ కూర్చుని ఎంపిక చేస్తుందట, ఇది న్యాయమేనా అని అడిగారు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు ఒక్కటీ ఓడకపోయినా చోటివ్వని గొడవ జరిగిన 2023లో నేను సరిగ్గా అక్కడే, టాలహాసీలో ఎంఎస్ చేస్తున్నా. కాబట్టి పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పై డివిజన్‌లోనే 130కి పైగా జట్లున్నాయి, ఒక్కోటి సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లు ఆడుతుంది, అదీ ఎక్కువగా తన కాన్ఫరెన్స్‌లోనే, అంటే తన గ్రూపు కాలేజీలతోనే. అందరూ అందరితో ఆడటం కుదరదు కాబట్టి ఐపీఎల్‌లో లాగా ఒకే పాయింట్ల పట్టిక ఉండదు. అందుకని 2014 సీజన్ నుంచి 13 మంది కమిటీ ర్యాంకులు ఇస్తోంది. 2023 వరకు అందులో మొదటి నాలుగు జట్లకే ప్లేఆఫ్.

2023 నవంబర్ 18న నేను స్టేడియంలో ఉన్నా. నార్త్ అలబామా అనే చిన్న జట్టుతో మ్యాచ్, మొదటి క్వార్టర్‌లోనే మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించేవాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న జనం ఒక్కసారిగా ఆగిపోతే, వెనక వరసలో ఎవరో చిప్స్ నములుతున్న చప్పుడు కూడా వినిపించింది. 0-13 వెనకబడి కూడా 58-13తో గెలిచాం, కానీ ఇంటికి నడిచొస్తుంటే ఒక్కడూ స్కోరు గురించి మాట్లాడలేదు. తర్వాత బ్యాకప్ కుర్రాడు యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా మీద గెలిపించాడు, వాడికీ దెబ్బ తగిలితే మూడోవాడు, మొదటి ఏడాది పిల్లాడు, లూయివిల్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడాడు. 16-6. 13కి 13.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఉప్మా ప్లేట్లు పట్టుకుని నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, నాలుగోది అలబామా. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియని మా వైజాగ్ రూమ్మేట్ "ఒరేయ్, వీళ్లు ఒకటి ఓడిపోయారు కదరా?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

కమిటీ చెప్పిన కారణం, ట్రావిస్ లేకపోతే ఇది వేరే జట్టు అని. ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకున్నాక కౌన్సెలింగ్‌లో "ఈమధ్య నీకు టైఫాయిడ్ వచ్చిందట, ఇంజినీరింగ్ చదవలేవేమో" అని సీటు పక్కవాడికిస్తే మనవాళ్లు ఊరుకుంటారా? కాలేదో ముందే విరిగి ఉంటే మా జట్టు ఏంటో అందరికీ తెలిసేదని ట్రావిసే రాసుకున్నాడు పాపం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ముఖ్యమైన ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని కమిటీ నిబంధనల్లోనే ఉంది. పైగా అలబామా అప్పుడే 29 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జార్జియాని ఓడించి వచ్చింది. నా గొడవల్లా ఏంటంటే, "ఎవరు సాధించారు", "ఇప్పుడు ఎవరు బలంగా ఉన్నారు" అనేవి రెండు వేరు ప్రశ్నలు. కమిటీ ఏ ఏడాది ఏ ప్రశ్న అడుగుతుందో పేర్లు చదివేదాకా ఎవరికీ తెలియదు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా ఒక్కటీ ఓడకపోయినా చిన్న కాన్ఫరెన్స్ అని పక్కన పెట్టారు. మాది పెద్ద కాన్ఫరెన్సే, ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాం, అప్పుడు ఇంకో కారణం దొరికింది.

"ప్లేఆఫ్ బదులు ఆడిన ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో చిత్తయ్యారుగా, కమిటీయే కరెక్ట్" అంటారు చాలామంది. ఆ మ్యాచ్‌కి ఇరవై మందికి పైగా మావాళ్లు దిగలేదండీ, ప్లేఆఫ్ పోయాక ఎవడికి మనసొప్పుతుంది?

2024 నుంచి 12 జట్లయ్యాయి, 2024, 2025 సీజన్లలో కాన్ఫరెన్స్ ఛాంపియన్లలో పై ర్యాంకు ఉన్న అయిదింటికి చోటు ఖాయంగా ఉండేది. ఆ మేరకు నయమే, గెలిచి సంపాదించుకునే దారి ఒకటి ఏర్పడింది. మిగిలిన ఏడు చోట్లకి మళ్లీ అదే గది, అదే 13 మంది. 2025లో మయామీ, నోటర్ డామ్ రెండూ పదేసి గెలిచి రెండేసి ఓడాయి. మొదటి మ్యాచ్‌లోనే మయామీ 27-24తో నోటర్ డామ్‌ని ఓడించినా వారాల తరబడి నోటర్ డామ్‌నే పైన ఉంచారు, చివరి వారాంతం ఇద్దరూ ఆడకపోయినా ర్యాంకులు తారుమారు చేసి మయామీని లోపలికి తీసుకున్నారు. నన్నడిగితే చివరికి చేసిందే సరైనది, కానీ అన్ని వారాలు నోటర్ డామ్ వాళ్లకి ఆశ పెట్టడం దేనికి?

12 జట్ల పద్ధతి ఒక్క ఏడాది ముందొచ్చి ఉంటే మాది అయిదో సీడ్, మొదటి మ్యాచ్ టాలహాసీలోనే జరిగేది. తీరా అది వచ్చిన 2024లో మావాళ్లు మొత్తం సీజన్‌లో రెండంటే రెండే గెలిచారు. వైజాగ్ వాడు ఆ స్కోర్లు స్క్రీన్‌షాట్ తీసి ఇప్పటికీ పంపుతుంటాడు.