స్లిప్పులో కోత పడినంత మాత్రాన డబ్బు కట్టినట్టు కాదు

18,000 జీతం అని చెప్పి చేర్చుకున్నారు, మొదటి నెల చేతికి 14,702 రూపాయలే వచ్చాయి, పీఎఫ్, ఈఎస్ఐ, పీటీ, ఎల్ఓపీ అని జీతం స్లిప్పులో ఏవేవో అక్షరాలున్నాయి, నా డబ్బు ఎక్కడికి పోయింది అని అడిగారు. స్లిప్పులోని అంకెలు కూడా రాశారు కాబట్టి ముందు లెక్క తేల్చేస్తాను. నేను అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాత ఉంది, దయచేసి అక్కడిదాకా చదవండి.

మీ స్లిప్పులో మొత్తం జీతం 16,174 అని ఉంది. అంటే 1,826 రూపాయలు స్లిప్పు గడప కూడా తొక్కలేదు. యజమాని తన వంతుగా కట్టాల్సిన పీఎఫ్, అంటే భవిష్య నిధి, 1,200, దానికి తోడు బీమా, నిర్వహణ ఖర్చులు 100, జబ్బు చేస్తే ఆదుకునే కార్మికుల బీమా అయిన ఈఎస్ఐకి యజమాని వంతు 526. ఈ మూడూ కలిపితే సరిగ్గా 1,826. వాళ్లు కట్టాల్సిన డబ్బును కూడా మీ జీతంలో కలిపి 18,000 అని చెప్పారు. దీన్నే సీటీసీ అంటారు. నా దృష్టిలో ఇది మన పిల్లలకు జరుగుతున్న మొదటి అన్యాయం. కొత్తగా చేరే ఏ పిల్లవాడికైనా నేను చెప్పేది ఒక్కటే, "చేతికి ఎంత వస్తుంది?" అని అడిగి, కాగితం మీద రాయించుకోమని.

ఇక స్లిప్పు లోపలి కోతలు. బేసిక్, అంటే మూల వేతనం, 10,000 మీద 12 శాతం పీఎఫ్, 1,200. మొత్తం జీతం మీద ముప్పావు శాతం ఈఎస్ఐ, పైసలను పై రూపాయికి సర్ది 122. పీటీ అంటే వృత్తి పన్ను, రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. తెలంగాణలో నెలకు 15,000 దాకా అది లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన 200. మీకు 150 పడింది. ఓవర్‌టైం వల్ల ఏదో ఒక నెల జీతం 15,000 దాటితే ఆ నెల 150 కోయడం న్యాయమే కానీ, మరుసటి నెల జీతం తగ్గాక కూడా కొందరు కోస్తూనే ఉంటారు, గమనించుకోవాలి. ఎల్ఓపీ అంటే జీతం లేని సెలవు. మీకు అక్కడ సున్నా ఉంది. లెక్క రూపాయితో సహా సరిపోయింది.

సరిపోయింది కదా అని స్లిప్పు మడిచి బీరువాలో పెట్టేయకండి. నేను అలాగే పెట్టాను.

2017 జూన్‌లో జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాను. కంపెనీ మనిషిగా కాదు, కాంట్రాక్టరు మనిషిగా. జీతం 11,400. పీఎఫ్ 1,080, ఈఎస్ఐ 200 పోగా చేతికి 10,120 వచ్చేది. ఈఎస్ఐలో కార్మికుడి వంతు అప్పట్లో 1.75 శాతం, 2019 జూలై నుంచే 0.75 అయింది. ఒక పెద్ద కాగితాన్ని నాలుగు ముక్కలుగా కోసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్కను స్లిప్పు అని ఇచ్చేవారు. నేను వాటిని రేషన్ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరులోనే దాచేవాణ్ని. కోతలు చూసి బాధపడలేదు, మనకోసమే దాస్తున్నారని ధైర్యంగా ఉండేది.

2018 ఆగస్టులో పచ్చకామెర్లు వచ్చాయి. 24 రోజులు పనికి వెళ్లలేదు. ఆ నెల స్లిప్పులో ఎల్ఓపీ ఎదురుగా 24 అని అచ్చయింది, చేతికి వచ్చింది 2,284 రూపాయలు. జడ్చర్లలో మా గది అద్దె అప్పట్లో 2,500.

జబ్బు చేసి జీతం పోయిన రోజులకు ఈఎస్ఐ డెబ్బై శాతం చెల్లిస్తుందని పక్క మిషను మీద పనిచేసే అన్న చెప్పాడు. నిజమే, మొదటి రెండు రోజులు వదిలేసి మిగతా రోజులకు ఇస్తారు, ఏడాదికి 91 రోజుల దాకా. నా లెక్కన ఆరు వేల పైచిలుకు రావాలి. డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్, ఆ ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఈఎస్ఐ ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఉన్న పెద్దాయన నా పదంకెల బీమా నంబరు కొట్టి, కాసేపు చూసి, మానిటరును నావైపు తిప్పారు. అక్టోబరు, నవంబరు వరసల్లో అంకెలున్నాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు వరసలూ ఖాళీ. నేను కవరులోంచి ఆ నాలుగు నెలల స్లిప్పులు తీసి బల్ల మీద పరిచాను. నాలుగింటిలోనూ ఈఎస్ఐ 200 అని స్పష్టంగా ఉంది. ఆయన ఒక్కో స్లిప్పు మీదా వేలు పెట్టి చూశారు. "బాబూ, ఇవి మీ కాంట్రాక్టరు కోసిన లెక్కలు. మా దగ్గర ఉన్నవి కట్టిన లెక్కలు" అన్నారు. విసుక్కోలేదు, కసురుకోలేదు. అయినా నాకు కాళ్లలో బలం పోయినట్టయింది.

నియమం ఇలా ఉంటుంది. జూలై నుంచి డిసెంబరు లోపల జబ్బు పడితే, దానికి ముందరి అక్టోబరు–మార్చి అర్ధ సంవత్సరంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. నాకు రెండు నెలలే కనిపిస్తున్నాయి, 78కి చాలవు. నేను పని చేశాను, నా దగ్గర కోశారు, కానీ లెక్క ప్రకారం నేను అర్హుణ్ని కాదు!

కాంట్రాక్టరు మనిషిని అడిగితే వచ్చే నెల, వచ్చే నెల అన్నాడు. మా ఊరివాడొకడు మహబూబ్‌నగర్‌లో వకీలు దగ్గర గుమాస్తా. అతను చెబితే తెలిసింది, 1948 నాటి ఈఎస్ఐ చట్టంలో 40వ సెక్షను ప్రకారం కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న కార్మికులకు కూడా చందా కట్టే మొదటి బాధ్యత ప్రధాన యజమానిదే, అంటే కంపెనీదే అని. ఆ ఒక్క మాట మాకు ఊపిరి పోసింది. మాలో ఆరుగురం కలిసి తెలుగులోనే దరఖాస్తు రాసి, స్లిప్పుల నకళ్లు జతచేసి, కంపెనీ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాం. బస్సు దగ్గర కాంట్రాక్టరు మనుషులు బెదిరించారు కూడా. మూడు వారాల్లో ఖాళీ వరసలు నిండాయి. డిసెంబరులో డబ్బు నా బ్యాంకు ఖాతాలో పడింది. ఈలోగా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఆ డబ్బులో కొంత తినేసింది.

అందుకే చెబుతున్నాను, స్లిప్పులో పీఎఫ్, ఈఎస్ఐ అనే అక్షరాల అర్థం తెలుసుకోవడం సగం పని కూడా కాదు. ఏ నెల చందా అయినా మరుసటి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఆ తర్వాత మీ పాస్‌బుక్కులో ఆ నెల వరస కనిపించాలి. పీఎఫ్‌కు యూఏఎన్ అని ప్రతి కార్మికుడికీ పన్నెండంకెల నంబరు ఉంటుంది, దానికి జతచేసిన మీ ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ, నిల్వ మెసేజీగా వస్తాయి. ప్రభుత్వానిదే ఉమంగ్ అనే యాప్ ఉంది, అందులో పాస్‌బుక్కు మొత్తం చూడవచ్చు. చూసి కంగారు పడకండి, యజమాని వంతు 1,200 ఒకేచోట ఉండదు. 833 పింఛను గడిలో, 367 పీఎఫ్ గడిలో పడుతుంది. మోసం చేశారని అనుకుని నాకు ఫోను చేసినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇంకో బాధ ఉంది. మా దగ్గర కాంట్రాక్టరు మారతాడు, మనుషులు మారరు. అదే గేటు, అదే మిషను, అదే షిఫ్టు, స్లిప్పు మీద మాత్రం కొత్త పేరు. కొందరు కొత్త కాంట్రాక్టర్లు పాత యూఏఎన్ అడగకుండా కొత్తది తెరిచేస్తారు. మా బృందంలో ఒకతనికి ఇలా మూడున్నాయి. పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. మూడు ముక్కలైన సర్వీసును ఒకటిగా కలుపుకోకపోతే పదేళ్లు పనిచేసినా కాగితం మీద ఆ పదేళ్లు కనిపించవు. మన పిల్లలు ఉద్యోగం మానగానే పీఎఫ్ తీసేసుకుని బండి కొంటారు. నేను ఎంతమందితో గొడవ పడ్డానో లెక్కలేదు. తీయకండి, కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి.

మా నాన్న పాలమూరు లేబరుగా ప్రాజెక్టు పనులకు ఊళ్లు పట్టుకుని తిరిగినవాడు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని అమ్మతో సహా వెళ్లేవాడు, లెక్కంతా మేస్త్రీ చిట్టాలో ఉండేది. ఏడాది చివర ఇంకా ఇంత బాకీ ఉన్నావంటే ఉన్నానని ఒప్పుకోవడమే, ఎందుకంటే ఆ చిట్టా నాన్న చేతికి ఎప్పుడూ రాలేదు. నా చేతికి స్లిప్పు వచ్చింది. కానీ అది మొత్తం ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటే, పదో తరగతి తెలుగు మీడియంలో చదివిన పిల్లకు అది మేస్త్రీ చిట్టా కన్నా ఏ మాత్రం నయం? మందు డబ్బా మీద తేదీ తప్పు పడితే ఆమెను నిలదీస్తారు, ఆమె జీతం కాగితం మాత్రం ఆమెకు అర్థమయ్యే భాషలో ఇవ్వరు. జీతం స్లిప్పు తెలుగులో ఉండాలని నేను ఎక్కడికెళ్లినా అడుగుతూనే ఉన్నాను.

ఇతర కోతలు అని ఒక వరస ఉంటుంది, దాన్ని వదలకండి. బూట్లు, యూనిఫాం, క్యాంటీను, ముందుగా తీసుకున్న అడ్వాన్సు అన్నీ అందులోనే దూరతాయి. దేనికెంత అని విడివిడిగా అడిగే హక్కు మీకుంది. అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగానికి మించకూడదు.

మీరు కొత్తగా చేరారు కాబట్టి ఈఎస్ఐలో వైద్యం ఇప్పటినుంచే దొరుకుతుంది, జబ్బు రోజుల నగదు సాయానికి మాత్రం సుమారు తొమ్మిది నెలలు ఆగాలి. ఆలోపు ప్రతి నెలా వరస నిండుతోందో లేదో చూసుకోండి. మీరు రాసిన వివరాల్లో ఈఎస్ఐ నంబరు ఇచ్చారని ఉంది, యూఏఎన్ ఎదురుగా మాత్రం గీత ఉందన్నారు. 1,200 కోసి నంబరు ఇవ్వకపోతే ఆ డబ్బు ఎవరి పేరున జమ అవుతుంది? రేపు షిఫ్టుకు వెళ్లగానే అది అడగండి. నోటితో కాదు, రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని రండి.