ఓర్వకల్లు నుంచి కడపకు ఆకాశంలో ఎంత దూరం?

ప్రశ్న: కర్నూలు (ఓర్వకల్లు), కడప విమానాశ్రయాల మధ్య గగనతల దూరం ఒకచోట 80, ఒకచోట 92, ఇంకోచోట 148 అని చూపిస్తోంది. ప్రయాణ సమయం 41 నిమిషాలంటున్నారు. ఏది నమ్మాలి?
– పాఠకుడు, నంద్యాల

జవాబు: మూడూ ఒకటే దూరం. 148 కిలోమీటర్లంటే 92 మైళ్లు, 80 నాటికల్ మైళ్లు. విమానయానంలో నాటికల్ మైలు (1.852 కి.మీ.) వాడతారు. అంకె పక్కన కొలమానం రాయకపోవడంతోనే ఈ తికమకంతా.

మీరే లెక్కేసి చూసుకోవచ్చు. ఓర్వకల్లు 15.71 ఉత్తర అక్షాంశం, 78.16 తూర్పు రేఖాంశం. కడప 14.51, 78.77. అక్షాంశాల తేడా 1.20ని 111తో (ఒక డిగ్రీకి అన్ని కి.మీ.) గుణిస్తే 133. రేఖాంశాల తేడా 0.61ని, మన ప్రాంతానికి, 107తో గుణిస్తే 65. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 148 వస్తుంది. చాలామంది తప్పేది ఒక్కచోటే: 15 డిగ్రీల 42 నిమిషాలను 15.42 అని రాసేస్తారు. 42ను 60తో భాగించాలి, అంటే 15.70. ఈ ఒక్క పొరపాటుకే ఉత్తర దక్షిణాల దూరం 31 కిలోమీటర్లు తగ్గిపోతుంది.

ఇక ఆ 41 నిమిషాలు. గంటకు 800 కి.మీ. వేగమనుకుని 148ని భాగిస్తే 11 నిమిషాలు. విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలిపితే 41. ఆ వేగం జెట్ విమానానిది. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. ఇలాంటి చిన్న విమానాశ్రయాలకు ఎక్కువగా తిరిగేది రెక్కలకు ప్రొపెల్లర్లున్న ఏటీఆర్ 72. దాని వేగం గంటకు 500 కి.మీ. దాకా. దగ్గరి దూరానికి ఈ తేడా పెద్దగా తెలియదు. అదే ఓర్వకల్లు–విశాఖ తీసుకోండి: సుమారు 583 కి.మీ. జెట్ లెక్కలో గంటా పావు. ఏటీఆర్‌కు గాలిలోనే గంటన్నర దాటుతుంది. గంటకు 50 కి.మీ. ఎదురుగాలి తగిలితే మరో ఎనిమిది నిమిషాలు. పైగా టికెట్ మీద వేసే సమయం విమానం స్టాండు (విమానాన్ని నిలిపే చోటు) నుంచి కదిలినప్పటి నుంచి అవతల స్టాండులో ఆగేదాకా. విమానం రన్‌వే దాకా నేల మీద వెళ్లడం, వరుసలో ఆగడం, దారి మళ్లింపులు అన్నీ అందులోనే. కాబట్టి టికెట్ మీది సమయమే నమ్మండి.

అయినా మీకు ఈ లెక్కతో పని పడదు. ఓర్వకల్లు నుంచి కడపకు నేరుగా ప్రయాణికుల విమానం లేదు. మరో నగరంలో దిగి మారాలి. చెకిన్ కౌంటర్ సాధారణంగా బయల్దేరడానికి గంట ముందే మూస్తారు కూడా. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 40వ జాతీయ రహదారిలో దాదాపు 180 కి.మీ., కారులో మూడు, మూడున్నర గంటలు. నంద్యాలలో ఉన్న మీరైతే కడపకు వెళ్లడానికి వెనక్కి ఓర్వకల్లు పోవడం దండగ.

ప్రశ్న: అనంతపురం వాళ్లకు ఓర్వకల్లు దగ్గరా, బెంగళూరు (దేవనహళ్లి) దగ్గరా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: రోడ్డున రెండూ ఇంచుమించు సమానమే, 170–180 కి.మీ. విమానాల సంఖ్యలో మాత్రం పోలికే లేదు. ఓర్వకల్లులో ఒక సర్వీసు రద్దయితే ఆ రోజుకు మరోటి దొరకడం కష్టం. దేవనహళ్లిలో గంటకో రెండు గంటలకో ఇంకొకటుంటుంది. ఉదాహరణకు విశాఖకు వెళ్లాలంటే, మీకు కావలసిన రోజున ఓర్వకల్లు నుంచి నేరుగా విమానం ఉంటేనే అటు వెళ్లండి.