ఇంధనం ఎక్కడ పెట్టారు?

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రయాణికుల విమానాలను సైన్యాలు ట్యాంకర్లుగా, అంటే గాలిలోనే ఇతర విమానాలకు ఇంధనం అందించే విమానాలుగా మార్చుకోవడం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. విమానాలంటే నీకు ఎంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి రెండు పేజీల నిండా పొడవు, వెడల్పు, వేగం, ఇంజిన్ల శక్తి తప్ప మరేమీ లేదు. అవన్నీ చదివాక కూడా ఒక్క విమానమైనా నా కళ్లముందు నిలవలేదు.

ఇలాంటి విమానం గురించి రాసేటప్పుడు ముందుగా ఒకటే ప్రశ్న వేసుకో: అదనపు ఇంధనం ఎక్కడ పెట్టారు? మిగతాదంతా ఆ జవాబు వెంటే వస్తుంది.

బ్రిటన్ వాయుసేన సంగతే తీసుకో. గల్ఫ్ ఎయిర్, ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ నడిపిన పాత వీసీ10 జెట్ విమానాలను తెచ్చుకుని, ఒకప్పుడు ప్రయాణికులు కూర్చున్న చోటనే ఇంధన ట్యాంకులు బిగించింది. తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్ నుంచి వచ్చిన వీసీ10లకు పెద్ద సరకుల తలుపు లేదు. అంతంత ట్యాంకులను లోపలికి చేర్చడం తలకు మించిన పని కావడంతో వాటికి రెక్కల్లోనూ తోకలోనూ ఉన్న ఇంధనమే దిక్కయింది. ఒక తలుపు లేకపోవడం ఆ విమానం ఎంత ఇంధనం మోయాలో తేల్చేసింది! నువ్వు వీసీ10కి ఒక్క వాక్యం ఇచ్చి దాటిపోయావు. నేనైతే ఆ తలుపు దగ్గరే ఒక పేజీ ఆగుతాను.

1982లో ఫాక్లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధం తర్వాత అదే వాయుసేన తొమ్మిది ట్రైస్టార్ ప్రయాణికుల విమానాలు కొన్నది: బ్రిటిష్ ఎయిర్‌వేస్ నుంచి ఆరు, పాన్ యామ్ నుంచి మూడు. ట్యాంకర్లుగా మార్చినవాటిలో కొత్త ట్యాంకులను నేల కింద, సామాన్లు పెట్టే గదుల్లో అమర్చారు. అదనంగా సుమారు 45 టన్నుల ఇంధనం పట్టింది, పైన మనుషులకూ సరకుకూ చోటు మిగిలింది. అట్లాంటిక్ నడుమ ఉన్న అసెన్షన్ దీవి నుంచి ఫాక్లాండ్స్‌కు 6,000 కిలోమీటర్లకు పైగా సముద్రమే. అంత దూరం సైనికులను మోయాల్సిన దేశానికి ఆ చోటు ఎంత అవసరమో ఆలోచించు. తోక కింద, ఇంధనం అందించే గొట్టపు చుట్టలు రెండు ఉండేవి. వాడేది ఒక్కటే, అది మొరాయిస్తే రెండోది. నడిసముద్రం మీద ఇంధనం కోసం వచ్చిన ఫైటర్ పైలట్ ప్రాణం ఆ రెండో చుట్ట మీద ఆధారపడవచ్చు. ఇలాంటి చోట తొందరపడకు.

ఎయిర్‌బస్ ఏ330 జవాబు వేరు. రెక్కల్లోనూ తోకలోనూ మొదటి నుంచీ ఉన్న ట్యాంకుల్లోనే 111 టన్నులు పడుతుంది, అదనపు ట్యాంకే అక్కరలేదు. నాలుగు ఇంజిన్ల ఏ340దీ దాదాపు అదే రెక్క. ఏ340లో బయటి ఇంజిన్ వేలాడే చోట, ఏ330ను ట్యాంకరుగా మార్చేటప్పుడు ఇంధన గొట్టం ఉండే తొట్టిని తగిలిస్తారు. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒక తప్పు మాత్రం తప్పక దిద్దుకో. అమెరికా ట్యాంకరు కేసీ-135ను బోయింగ్ 707 ప్రయాణికుల విమానం నుంచి మార్చారని రాశావు. కాదు. రెండూ ఒకే నమూనా విమానం నుంచి పుట్టిన అన్నదమ్ములు. కేసీ-135 ఒళ్లు కాస్త సన్నం. అలాగే ఆగ్రాలో ఉండే మన ఐఎల్-78 ట్యాంకర్ల మూలం సరకు రవాణా విమానమైన ఐఎల్-76. నీ అంశంలోకి ఐఎల్-78లు రావు, తీసెయ్యి. వాటి బదులు, ప్రయాణికుల విమానాలను ఇక్కడే ట్యాంకర్లుగా మార్చడానికి 2022లో హెచ్ఏఎల్, ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ చేసుకున్న అవగాహన ఒప్పందం గురించి రాయి.

మాటల దగ్గరా జాగ్రత్త. ‘డ్రోగ్’ అని రాసి వదిలేశావు. గొట్టం చివర షటిల్‌కాక్ ఆకారంలో గాలికి ఊగే ఆ వస్తువును ఇంగ్లీషు పైలట్లు కూడా బుట్ట అనే అంటారు. నువ్వూ బుట్ట అనే రాయి. కొన్ని ట్యాంకర్లలో బుట్ట బదులు ఉండే గట్టి గొట్టాన్ని నడిపే మనిషిని కూడా చూపించు. కేసీ-135లో అతను తోక దగ్గర బోర్లా పడుకుని కిటికీలోంచి చూస్తాడు. మార్టినెయిర్ సంస్థ నడిపిన డీసీ-10 విమానాలను మార్చుకున్న డచ్చివారు అతన్ని ముందుకు తెచ్చి, కెమెరాలు చూపించే తెర ముందు కూర్చోబెట్టారు. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెడితే నీ మూడో పేజీ దానంతటదే నిలబడుతుంది.

ఆ సరకుల తలుపు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. దసరా లోపు పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ శ్రేయోభిలాషి