సపోర్ట్ వేరు, నేటివ్ వేరు

ప్రశ్న: మాది కడప. హాల్లో సోఫాకూ గోడకూ మధ్య 10 అడుగులు. 100 అంగుళాల బొమ్మ కావాలి. ఒక ప్రొజెక్టర్ పెట్టె మీద ‘4కె సపోర్ట్’ అని ఉంది, ధర తొమ్మిది వేలే. ఇంకోటి ఉత్త ఫుల్ హెచ్‌డీ, ధర మూడింతలు. మొదటిదే మేలు కదా సార్?

జవాబు: తొందరపడొద్దు. ఈ దెబ్బ నేనూ తిన్నాను. అనంతపురంలో మా మిద్దె మీది గదికి ప్రత్యేకంగా తెల్ల సున్నం కొట్టించి మరీ అలాంటిదే తెచ్చాను. సినిమా మొదలైంది. హీరో ముఖం మీద దోమతెర కప్పినట్టు గళ్లు! పేర్లు పడుతుంటే అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. మా ఆవిడ ‘దీనికన్నా ఫోనే నయం’ అని లేచి వెళ్లిపోయింది. అసలు సంగతి లోపలి కాగితంలో సన్న అక్షరాల్లో ఉంది: నేటివ్ రిజల్యూషన్, అంటే ప్రొజెక్టర్ సొంతంగా వేయగల చుక్కల లెక్క, 800×480.

సపోర్ట్ అంటే 4కె వీడియో ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. గోడ మీద వేసేది లోపల బొమ్మ తయారుచేసే తన ప్యానెల్‌లో ఉన్నన్ని చుక్కలే. 800×480 అంటే నాలుగు లక్షలు కూడా లేవు. ఫుల్ హెచ్‌డీ 1920×1080, అంటే 20 లక్షల పైచిలుకు. 4కె అయితే 3840×2160, దాదాపు 83 లక్షలు.

100 అంగుళాలన్నది మూల నుంచి మూలకు కొలత; ఆ బొమ్మ వెడల్పు సుమారు 221 సెంటీమీటర్లు. అందులో 800 చుక్కలు పరిస్తే ఒక్కోటి పావు సెంటీమీటరు పైనే. 10 అడుగుల నుంచి కూడా కనబడిపోతుంది. ఫుల్ హెచ్‌డీలో అది మిల్లీమీటరు చిల్లర. మీ హాలుకు అది చాలు, అసలైన 4కె దాకా పోనక్కర్లేదు. మిగిలిన డబ్బులు మంచి కర్టెన్లకు పెట్టండి, మన ఎండల సంగతి తెలిసిందే కదా!

కొనేముందు అంగట్లోనే చిన్న అక్షరాల పేజీ ఒకటి వేయించి, పదడుగులు వెనక్కి నడిచి చదవండి.